లేత్ మేస్త్రి పనితనం

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. అయినా ఆ కార్లు ఇంకా రోడ్డెక్కుతున్నాయంటే, అందులో లేత్ మేస్త్రుల ఘనత చాలానే ఉంది. షాఫ్టు చుట్టూ అమర్చే బుష్‌నే చూడండి. బజారులో దొరికే కొత్తది తళతళలాడుతుంది. కానీ లోహం నాసిరకమైతే కొన్నాళ్లకే అరిగి లొడలొడమంటుంది. మంచి మేస్త్రి ముందు అరిగిన షాఫ్టును మైక్రోమీటరుతో కొలుస్తాడు. గన్‌మెటల్ ముక్కను ఆ కొలతకే తరిణ పట్టి, నూనె పారేందుకు గాడి తీసి, రీమరుతో నునుపు చేస్తాడు. మిల్లీమీటరులో వందో వంతు కూడా ఆయన లెక్కలో తేడాయే. రబ్బరు సీళ్లయితే పాత స్టాకును అసలు నమ్మడు. వాడకుండా దాచినా రబ్బరు గట్టిపడి పగులుతుంది. డబ్బా మీది పేరు కాదు, లోపలి లోహమూ కొలతా చూసి కొనాలని పాత కార్ల యజమానులకు నేర్పింది ఇలాంటి పనివాళ్లే. వాళ్లడిగే కూలి దగ్గర బేరమాడకండి.