చీము తీయవలసినది ఎప్పుడు? గ్రాహం, బెల్ పరిశోధనపై విమర్శ

ఊపిరితిత్తిని కప్పియుండు పొరకును, రొమ్ముగోడ లోపలి పొరకును నడుమ సన్నని ఎడము కలదు. న్యుమోనియా వంటి వ్యాధులలో సూక్ష్మజీవులు ఈ ఎడములో చేరి చీము పట్టించినచో దానిని ఎంపైమా అందురు. చీమును వెలికితీయవలెనని హిపోక్రటీసు కాలమునుండియు వైద్యులెరుగుదురు. సూత్రము సరియైనదే. కాని వేళ తప్పి ఆచరించినచో అదే ప్రాణాంతకమగునని ఎవార్ట్స్ గ్రాహం, బెల్ అనువారు 1918లో ప్రకటించిన వ్యాసము చెప్పినది.

మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైనిక శిబిరములలో న్యుమోనియా పెచ్చుపెరిగెను. దాని వెంట స్ట్రెప్టోకాకస్ వలన ఎంపైమా కలుగుచుండెను. వైద్యులు ఆలస్యము చేయక రొమ్మును తెరచి ద్రవమును వదలుచుండిరి. అయినను రోగులలో సగటున నూటికి 30 మంది చనిపోయిరి. కారణమును కనుగొనుటకు నియమింపబడిన సంఘములో గ్రాహం ముఖ్యుడు.

వారు చూపిన కారణము భౌతికశాస్త్రమునకు సంబంధించినది. పొరల నడుమ పీడనము బయటి గాలి పీడనముకంటె తక్కువగా నుండుటచేతనే ఊపిరితిత్తి విచ్చుకొని యుండును. రొమ్ముగోడకు రంధ్రము చేసినచో గాలి లోనికి దూరును, ఊపిరితిత్తి ముడుచుకొనును. వ్యాధి ముదిరినవారిలో పొరలు అతుకుకొని, చీము ఒకచోట గూడుకట్టి యుండును గనుక ఈ అపాయము తక్కువ. స్ట్రెప్టోకాకస్ వ్యాధిలోనో, న్యుమోనియా తగ్గకముందే పలుచని ద్రవము విస్తారముగా ఊరును. ఊపిరాడక బాధపడువానికి ఆ సమయమున రొమ్ము తెరచుట మరింత హాని. కావున మొదట సూదితో ద్రవమును తీయుడు, లేదా గాలి చొరని గొట్టమును అమర్చుడు, పొరలు అతుకుకొనిన పిమ్మటనే తెరువుడు అని వారి సలహా. దీనిని పాటించిన పిదప మరణములు నూటికి 10కి లోపుగా తగ్గెను.

గొట్టము వారు కనిపెట్టినది కాదు. గొట్టపు చివరను నీటిలో ముంచి గాలిని అడ్డగించు పద్ధతిని జర్మనీ వైద్యుడు బ్యూలౌ 1891లోనే వివరించెను. వీరి గొప్పతనము అది ఎప్పుడు, ఎందుకు అవసరమో చెప్పుటలో నున్నది.

అయితే ఈ పరిశోధనలో లోపములు లేకపోలేదు. రొమ్ములోని పీడనమును గూర్చిన ప్రయోగములు కుక్కలపై జరిగినవి. రెండు ఊపిరితిత్తుల నడుమనుండు అడ్డుపొర కుక్కలో పలుచన. మనుష్యునిలో అంతకంటె గట్టిది. ఒక ప్రక్క మార్పు రెండవ ప్రక్కకు దాదాపు పూర్తిగా సోకునన్న వారి వాదము మనుష్యులకు యథాతథముగా వర్తింపదు. రెండవది, మరణముల తగ్గుదల పాత రోగులతో క్రొత్త రోగులను పోల్చి చెప్పినది. ఈలోగా వ్యాధి తీవ్రతయే మారియుండవచ్చును. ఒకే కాలమున రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి చూచిననే నిజము తేలును.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో తరువాతి చరిత్ర తెలుపుచున్నది. చీములోని పీచును కరిగించుటకు స్ట్రెప్టోకైనేజ్ అను పదార్థమును టిల్లెట్, షెర్రీ 1949లో ప్రయోగించిరి. కరిగినచో సులభముగా కారునన్నది సహజమైన ఊహ. కాని బ్రిటనులో పై విధముగా జరిపి 2005లో ప్రకటించిన పరీక్షలో మరణములుగాని, శస్త్రచికిత్సల అవసరముగాని తగ్గలేదు. 2011లో ప్రకటించిన మరియొక పరీక్షలో 210 మంది రోగులను నాలుగు వర్గములు చేసిరి. పీచును కరిగించు మందు, చీములోని డి.ఎన్.ఎ.ను ఛేదించు మందు విడివిడిగా నిష్ప్రయోజనములయ్యెను. రెండును కలిపి యిచ్చినప్పుడు ద్రవము బాగుగా తగ్గెను.

పెనిసిలిన్ వచ్చిన పిదప సూక్ష్మజీవిని చంపుటతో వ్యాధి ముగియునని మన తరగతులలో చెప్పుట అలవాటైనది. ఎంపైమా విషయమున అది సగము నిజము. సూక్ష్మజీవినాశక ఔషధము తప్పనిసరియే. కాని గూడుకట్టిన చీమును తీసి, ముడుచుకొన్న ఊపిరితిత్తిని మరల విచ్చుకొనజేయుట దానివలన మాత్రమే జరుగు పని కాదు. గ్రాహం, బెల్ రుజువులలో కొరత యున్నను, వారడిగిన ప్రశ్న మాత్రము చెక్కుచెదరలేదు. పీడనమును గూర్చిన పాఠము చెప్పునప్పుడు ఈ కథను విద్యార్థుల ఎదుట నుంచుట మేలు. రుజువులోని కొరతను కూడ వారిచేతనే వెదకించుట ఇంకను మేలు.