నార్మన్ లూయిస్ పనితనం

రంపచోడవరంలో ఇంటర్ చదువుతూ, లా యూనివర్సిటీ సీటు కోసం క్లాట్ రాయాలనుకునే పిల్లలకు ఇంగ్లీషు మాటలు పట్టుబడే పుస్తకం ఏదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ అంటాను. 1949లో అమెరికాలో అచ్చయింది. రాసినాయన నార్మన్ లూయిస్, బ్రూక్లిన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో కాలేజీ పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన మన మన్యం పిల్లల్ని ఎరగడు. అయినా కోచింగ్ కోసం గోకవరం దాటి రాజమండ్రి వెళ్లలేని వాళ్లకు ఇంతగా కుదిరిన పుస్తకం మరొకటి నాకు కనబడలేదు.

పరీక్షల కోసం అమ్మే మాటల పట్టీలు చాలావరకు అక్షర క్రమంలో సాగుతాయి. పిల్లలు ‘ఎ’తో మొదలుపెట్టి, ‘సి’ దాకా వచ్చేసరికి ‘ఎ’ మర్చిపోతారు. లూయిస్ ఆ క్రమాన్నే పక్కన పెట్టేశాడు. మీకిప్పుడు ఎన్ని మాటలొచ్చో చూసుకోమని ముందు ఒక పరీక్ష పెడతాడు. ఆ తర్వాత మనుషుల స్వభావాలు ఎత్తుకుంటాడు. తన లాభమే చూసుకునేవాడు, తన గొప్పే చెప్పుకునేవాడు, పరుల మేలు కోరేవాడు, మనుషులంటేనే గిట్టనివాడు: ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు చెప్పి, అప్పుడు ఇగోయిస్ట్, ఇగోటిస్ట్, ఆల్ట్రుయిస్ట్, మిసాంత్రోప్ అని పేరు పెడతాడు. మనిషి ముందు కళ్లకు కడతాడు, మాట వెనకాల వస్తుంది.

అసలు పనితనం ఆ తర్వాతి అభ్యాసాల వరసలో ఉంది. మొదట మాటను పైకి చదవాలి. ఎలా పలకాలో విడగొట్టి రాసి, ఒత్తి పలకాల్సిన చోట పెద్ద అక్షరాలు వేస్తాడు. ఇంగ్లీషు వినిపించే గొంతు దగ్గర్లో లేని పిల్లలకు ఇది చిన్న సాయం కాదు. తర్వాత మాటకూ అర్థానికీ జత కలపాలి. ఆపైన ఒక ప్రశ్న చదివి అవునో కాదో తేల్చాలి. చివరికి అర్థం మాత్రమే ఇచ్చి, మాటలో మొదటి అక్షరం ఒక్కటే చూపించి, మిగతాది మీరే రాయండంటాడు. గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. మొదటిదాని నుంచి రెండోదానికి పిల్లల్ని మెట్టు మెట్టుగా నడిపిస్తాడు, ఎక్కడా గెంతించడు. ఇక చాలు, పుస్తకం మూసెయ్యమని కూడా తనే చెబుతాడు. సెషన్ అని పేరు పెట్టిన ఒక్కో పాఠం హాస్టల్ స్టడీ అవర్‌లో పట్టేంత ఉంటుంది.

ఇక మూలాల సంగతి. ‘వెర్టో’ అంటే లాటిన్‌లో తిరగడం. లోపలికి తిరిగిన మనసు ఇంట్రోవర్ట్, బయటికి తిరిగింది ఎక్స్‌ట్రోవర్ట్, రెండు వైపులా అయితే యాంబివర్ట్. ఆ ‘యాంబి’ని పట్టుకుని రెండు చేతులా పనిచేసే యాంబిడెక్స్‌ట్రస్ దగ్గరికి తీసుకెళతాడు. అక్కణ్ణుంచి కుడి చేతికి సంబంధించిన డెక్స్‌టెరిటీ, ఎడమ చేతి నుంచి పుట్టిన సినిస్టర్, ఫ్రెంచి దారిన వచ్చిన అడ్రాయిట్, మాలడ్రాయిట్. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అంటూ బడిలో ఉపసర్గలు నేర్చుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. నాకు ఇంకా నచ్చే సంగతి మరొకటుంది. కొండరెడ్ల పిల్లలకు ఇంటి భాష తెలుగే. చింతూరు వైపు చాలామంది కోయ పిల్లలకు మాత్రం ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియంలోనే పెరిగిన హైదరాబాద్ పిల్లలకైనా గ్రీకు, లాటిన్ మూలాలు పరాయివే. ఈ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఇద్దరూ ఒకే గీత దగ్గర నిలబడతారు.

ఒక లోటు చెప్పాలి. 2020 నుంచి క్లాట్‌లో ఇంగ్లీషంతా పాసేజీల మీదే నడుస్తోంది. ఇప్పుడున్న 120 ప్రశ్నల్లో 22 నుంచి 26 దాకా ఇంగ్లీషువి. ఒక్కో పాసేజీ సుమారు 450 పదాలు, మాటకు అర్థం ఆ సందర్భంలోనే వెతకాలి. లూయిస్ అభ్యాసాలు చాలావరకు విడి మాటలతో, విడి వాక్యాలతో సరిపెడతాయి. అందుకని పక్కన రోజూ ఒక ఇంగ్లీషు పేపరు సంపాదకీయం ఉండాలి. అందులో ఎక్కడో ఒక మంత్రి మాలడ్రాయిట్‌గా జవాబిచ్చాడని రాస్తే, ‘మాల్’ అంటే చెడు, ‘అడ్రాయిట్’ అంటే నేర్పరి అని విడదీసుకుని, ముందు వెనక వాక్యాలతో సరిచూసుకుని, డిక్షనరీ తెరవకుండానే పేరా పూర్తి చేయొచ్చు.