తెప్పకట్టు

ఆదివారమునాడు ఆబిడ్సులో అంగళ్లు మూసియుండగా వాటి ముంగిటి కాలిబాటపై పఱచెడి పాతపుస్తకముల గుట్టలలో, నలువదియేండ్ల క్రిందట, అట్టలూడిన నౌకాగ్రంథ మొకటి నాకు దొరకినది. అందులో మన తూర్పుతీరపు తెప్పను చిత్రించి, ఆదిమజనుల దుంగలమోపని ఒక్క ముక్కలో తేల్చివేసియుండిరి. విశాఖపట్టణపు పెదజాలరిపేటలో పుట్టి, ఉద్యోగరీత్యా భాగ్యనగరము చేరిన నా మిత్రుడు ఆ మాట చదివి నొచ్చుకొని, నన్ను నాంపల్లి స్టేషనుచెంత నున్న ఇరానీ హోటలుకు తీసికొనిపోయి, నాలుగు అగ్గిపుల్లలను దారముతో రెండుచోట్ల బిగించి గ్లాసునీటిలో విడిచెను. “ముంచు గురూ, చూద్దాం” అనెను. వ్రేలితో ఎన్నిమార్లు అదిమినను ఆ చిన్నికట్టు పైకి లేచుచునే యుండెను.

తెప్ప మర్మమంతయు ఆ గ్లాసులోనే కలదు. పడవ యనునది నీటిని వెలుపల నిలువరించు బోలుపాత్ర. లోనికి నీరు చొచ్చెనా, మునుక తప్పదు. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు పూర్వము సీలుచర్మము కప్పి నిర్మించిన కయాకును ఆ జాతిదే; అచట శీతజలము ప్రాణాంతకము గనుక నడుముచుట్టును చర్మము బిగించి చుక్కనీరైనను చొరనీయకుండిరి. మన సముద్రము వెచ్చనిది. ఒడలు తడిసినను ప్రమాదము లేదు గనుక మనవారు నీటితో వైరము మాని, దానికి దారి విడిచిరి. దుంగల సందులనుండి వచ్చిన నీరు ఆ సందులనుండియే పోవును. దీనిని నేను ఆదిమత్వ మనజాలను. పరిపక్వమైన బుద్ధి యనెదను.

తేలికయైన కఱ్ఱను ఎన్నుకొని, కొనలు కొంచెము పైకి వంగునట్లు చెక్కి, నడిమి దుంగలు క్రిందుగను ప్రక్కవి మీదుగను అమర్చి, పీచుతాటితో ముందువెనుకల బిగింతురు. ఇనుపమేకుతో బిగిసిన అతుకు కెరటపు తాకిడికి విఱుగును. తాటికట్టు ఇంచుక కదలి, ఆ తాకిడిని తనలో నిముడ్చుకొనును. ఇట్టి తెప్పకు తమిళులు పెట్టిన ‘కట్టుమరం’ అను పేరు ఇంగ్లీషువారి నోట ‘కాటమరాన్’ అయినది. విలియం డాంపియర్ 1697లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున దీని ప్రసక్తి చేసెను. చెన్నపట్టణమున రేవుగోడలు లేని కాలమున, పెనుకెరటములకు ఓడలు ఒడ్డు చేరలేనప్పుడు, నీరు చొరని టోపీలో ఉత్తరములు దాచుకొని ఓడకు చేర్చినవారు ఈ తెప్పలవారే.

ఆ తెప్పను కన్నులార చూచుటకై, ఆ శనివారము నేనును నా మిత్రుడును నాంపల్లిలో విశాఖ పోవు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితిమి. మఱునాటి వేకువను అతని తండ్రి తెప్పపై మేమిరువురము సముద్రమున దిగితిమి. దిగుట యనగా తొందరపాటు కాదు. వరుసగా పెద్దకెరటములు వచ్చి విఱిగినపిదప కొంత తెఱపి కలుగును. దానికై అతడు మోకాలిలోతు నీటిలో తెప్పను పట్టుకొని, నోరు మెదపక చాలసేపు నిలిచెను. పిమ్మట ఒక్క ఊపున నెట్టి, ఎక్కి, మోకాళ్లపై కూర్చుండి తెడ్డు వేసెను. ఒక కెరటము నా ఱొమ్ముపై విఱిగినప్పుడు నేను భీతిల్లి తెడ్డు జాఱవిడిచితిని; అతడు చేయి చాచి దానిని అందుకొని, “బెదిరిపోకు గురూ, నీళ్లొచ్చిన దారినే పోతాయి, తెప్పకేటీ అవదు” అనెను. చూచుచుండగనే నా మోకాళ్లక్రిందనుండి నీరు జాఱిపోయి, దుంగల తడివీపులు తేలినవి.

కైలాసగిరి కొండ పాదమున తీరమంతయు బండలే. బండను తాకి మరలిన అలయు, వెనుక వచ్చు అలయు కలిసికొనుచోట నీరు నిట్టనిలువుగ లేచును. అందుచే అతడు ఒడ్డుకు దూరముగనే తెప్పను నడపెను. నురుగు కట్టు బండ కంటికి కనబడును గనుక అంత భయంకరము కాదు, ప్రశాంతజలము క్రింద మఱుగుపడినదే భయంకరము. దానిని కనుగొను విద్య నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది. దక్షిణమున డాల్ఫిన్ నోస్ కొండ కొనను తీరమందలి యొక గుట్టతో కలిపి కంటితో నొక గీత, పడమట కైలాసగిరి శిఖరమును దాని వెనుకటి కొండతో కలిపి మఱియొక గీత. ఈ రెండును కలియుచోట అడుగున బండ యున్నదని అతని తాత తండ్రికిని, తండ్రి తనకును నేర్పిరట. కాగితము లేదు, యంత్రము లేదు; కొండలే పటము.

వేకువను నేలనుండి వీచు గాలి తెరచాపను సముద్రముమీదికి కొనిపోవును. ప్రొద్దెక్కి నేల వేడెక్కగా సముద్రపుగాలి తిరిగి ఇల్లు చేర్చును. ఇంజిను లేని బ్రతుకున కిది దినదినమును అందెడి కూలిలేని సాయము. పిదప ఫైబరు తెప్పలు, మోటారులు వచ్చినవి. వానితో దూరము పోవచ్చును, ఎక్కువ వల మోయవచ్చును, కావున జాలరులు వానిని కోరుట న్యాయమే. అయినను దుంగను చెక్కు చేయి, కట్టు బిగించు చేయి ఒక్క తరము మానినచో మఱల నేర్పువారు ఉండరను చింత నన్ను విడువదు.

మధ్యాహ్నము ఒడ్డు చేరునప్పుడు తెప్ప అడ్డము తిరుగకుండ, కెరటపు వీపుననే నిలుపుచు తెచ్చెను. ఇసుకపైకి లాగి కట్లు విప్పితిమి; నీరు త్రాగిన దుంగ బరువెక్కును గనుక విడదీసి ఎండబెట్టనిదే మఱల పనికి రాదు. ఒక్కొక్క దుంగను భుజమున మోయుచు మేము నాలుగుమార్లు తిరిగితిమి. సోమవారపు ఉదయము నాంపల్లిలో రైలు దిగునప్పటికిని నా అఱచేతులలో పీచుతాటి ఒరపిడి చాఱలు ఎఱ్ఱగనే యుండెను.