ఆంగ్ల వాక్యమున కర్త

ఆంగ్ల గద్యమును గూర్చి వ్రాయునపుడు విమర్శకులు శబ్దసంపదను, భావగాంభీర్యమును మెచ్చుకొని, వాక్యనిర్మాణమును వ్యాకరణము చదువు బాలురకు వదలివేయుట పరిపాటి. కాని ఆ భాషలో అలంకారము తఱచుగా పదమునందు గాక పదముల వరుసయందే యుండును. తెలుగున విభక్తి ప్రత్యయము పదమును అంటిపెట్టుకొని యుండుటచేత కర్తను ముందుంచినను, వెనుక నుంచినను అర్థము చెడదు. ఆంగ్లమున పదము నిలిచిన చోటే చాలవఱకు దానికి విభక్తి. కావున ఎవరిని ముందు నిలుపవలెను, ఎవరిని తెరవెనుక నుంచవలెను అను ప్రశ్న అచ్చట శైలికి మాత్రమే చెందినది కాదు, నీతికిని చెందినది.

దీనిని పరీక్షించుటకు మహాకావ్యములు అక్కఱలేదు. జార్ఖండ్ రాష్ట్రమున, జంషెడ్‌పూర్ చేరువ, సరాయికేలా–ఖర్సావాన్ జిల్లాలోని గమ్హరియా పరిసరములు చాలును. తెలుగువారు గుమ్మడిటేకు అను గమ్హార్ చెట్టు పేరు ఆ యూరి పేరున వినిపించుచున్నది. నేడది ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతముతో కలిసిన కర్మాగారముల సీమ. సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, హిందీ వినవచ్చు ఈ ప్రాంతమునకు శ్రీకాకుళము, విశాఖపట్నము వైపునుండి పనికై వచ్చిన తెలుగు కుటుంబములును తోడైనవి. ఇన్ని భాషల నడుమ ఇచ్చటి నేల రూపును మార్చిన వాక్యములు మాత్రము ఆంగ్లమున పుట్టినవి. వానిలో రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువదగును.

మొదటిది, జంషెట్జీ టాటా 1902లో తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలోని నాలుగు వాక్యములు. అప్పటికి ఉక్కు కర్మాగారమునకు స్థలమే దొరకలేదు. 1904లో జంషెట్జీ గతించెను. 1907లో కంపెనీ ఏర్పడెను. సాక్చీలో వెలసిన పట్టణమునకు 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆయన పేరు పెట్టెను. రాబోవు పట్టణమున వెడల్పైన వీధులు, నీడనిచ్చు చెట్లు ఉండవలెను. చెట్లలో ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరుగు జాతిది కావలెను. పచ్చికకు, తోటలకు, ఆటలకు ధారాళముగా చోటు విడువవలెను. హిందువుల ఆలయములకు, ముస్లిముల మసీదులకు, క్రైస్తవుల చర్చిలకు తావులు కేటాయింపవలెను. ఇదియే వాని సారము.

ఈ నాల్గింట కర్తృపదము ఒక్కటియు లేదు. అయినను చేయవలసినవాడెవడో సందేహము లేదు. ఆంగ్లమున విధివాక్యము క్రియతో మొదలగును; ఎదుటనున్న ‘నీవు’ ఆ క్రియలోనే ఇమిడి యుండును. మొదటి రెండు వాక్యములు మఱవవద్దను ఒకే హెచ్చరికతో ఆరంభమగును. తరువాతి రెంట ఆ హెచ్చరిక తొలగి, చేయవలసిన పనియే సూటిగా ముందు నిలుచును. నడకలో వేగము పెరుగును. అభ్యుదయము, సంక్షేమము వంటి భావనామము ఒక్కటియు రాలేదు. వీధి, చెట్టు, పచ్చిక, గుడి: అన్నియు చేతితో చూపదగినవే.

దండి కావ్యాదర్శమున ఆవృత్తిని అలంకారముగా చెప్పెను. ఆంగ్లమున ఆ ఆవృత్తి వాక్యారంభమున మ్రోగును. తెలుగున క్రియ వాక్యాంతమున నిలుచును గనుక అది తుదకు జారును. దానిని బలవంతముగా మొదటికి లాగిన అనువాదకుడు ‘నిశ్చయముగా, నిశ్చయముగా’ అని వ్రాసి తండ్రి మాటను సభాప్రసంగముగా మార్చును. తెలుగు తండ్రి కొడుకునకు జాగ్రత్త చెప్పునపుడు వాక్యము తుద ‘సుమా’ అనును. మొదటి రెండు వాక్యములను సుమాతో ముగించి, తక్కిన రెంటిని వట్టి క్రియతో విడిచినచో స్థానము మారినను పని నెరవేరును.

చివరి వాక్యములోని ఆలయము, మసీదు, చర్చి అను త్రయము మఱియొక విశేషము. మూడు పేర్లు వరుసగా వినినంతనే జాబితా నిండినదను తృప్తి కలుగును. లాటిను వక్తలనుండి ఆంగ్లమునకు సంక్రమించిన ఉపాయమిది. జంషెట్జీ పార్సీ, తన మతపు అగ్న్యాలయమును ఆ వరుసలో చేర్చలేదు. అది ఔదార్యము. కాని ఆ ప్రాంతపు సంతాలులు పూజించు ‘జాహేర్’ అను పవిత్రవనమును ఆ వరుసలో లేదు. స్థలమే తెలియనినాడు వ్రాసినవానిని ఇందుకు నిందించుట అన్యాయము. ఐనను అలంకారపు శక్తిని గుర్తింపక తప్పదు: చెప్పిన మూడింటి పొందిక చెప్పని నాల్గవదానిని మఱపించును.

రెండవది, 1894 నాటి భూసేకరణ చట్టము. సాక్చీ ప్రాంతమున కంపెనీ కొఱకు ప్రభుత్వము నేల సేకరించినది దీని క్రిందనే. 2013 నాటి క్రొత్త చట్టము 2014 జనవరి 1న అమలునకు వచ్చువఱకు, ఆదిత్యపూర్, గమ్హరియాలలో కర్మాగారములు విస్తరించిన దశాబ్దములలోను ఇదియే చెల్లెను. దాని నాల్గవ సెక్షను నిర్మాణమును చూడుడు. ఏదేని ప్రజాప్రయోజనమునకు ఒకచోట నేల అవసరమైనట్లు గాని, అవసరము కాగలదని గాని ప్రభుత్వమునకు తోచుట అచ్చట ఆరంభము. తోచినవారి పేరు కలదు. నేల కోరినవారి పేరు లేదు. ‘తోచు’ అను క్రియకు ముందు, కర్త పీఠముపై, అర్థములేని ‘అది’ అను సర్వనామము కూర్చున్నది. ఆంగ్ల వ్యాకరణము ఆ పీఠము ఖాళీగా నుండుటను సహింపదు. మనిషి లేనిచోట బొమ్మనైనను నిలుపును. ఇక నేలను దున్నువాడు ఆ ఆరంభమున లేనేలేడు. చట్టము అతనిని పిలుచు పేరు ‘ఆసక్తిగల వ్యక్తి’. పరిహారమున భాగము కోరువారందఱును అందులో చేరుదురు. రైతు నేలకు యజమానిగా గాక సొమ్మునకు అర్థిగా వాక్యమున ప్రవేశించెను.

శాసనభాషకు కొంత నిర్వ్యక్తిత్వము తప్పదు. ఎవరు ఏలుచున్నను ఒకటే చెల్లవలెను గదా. ఆంగ్లేయులును ఈ నిర్మాణపు ప్రమాదమును ఎఱుగనివారు కారు. జార్జి ఆర్వెల్ 1946లో రాజకీయములను, ఆంగ్లభాషను గూర్చి వ్రాసిన వ్యాసమున, కర్తరి వాడదగినచోట కర్మణి వాడుటను దోషముగా ఎంచెను. చిత్రమేమనగా, ఆంగ్లపు కచేరీ విడువజూచిన ఆ అలవాటును తెలుగు కచేరీ నెత్తికెత్తుకొన్నది. ‘తీసికొనబడినది’, ‘ఆదేశించబడినది’ అను రూపములు రైతు నోట పుట్టినవి కావు.

నిజమునకు తెలుగు వాక్యము ఇచ్చట అనువాదకునకు మేలు చేయును. ‘నేల కావలెను’ అనగానే ‘ఎవరికి?’ అను ప్రశ్న దానంతట అదే లేచును; ఆ విభక్తి లేనిదే తెలుగు చెవికి వాక్యము నిండదు. అనువాదకుడు మూలమున లేని పేరును అచ్చట కల్పింపరాదు. ‘బడు’ను తగిలించి ఆ ప్రశ్నను నొక్కివేయనురాదు. లేఖలో కర్త కనబడకయే వినవచ్చెను. చట్టమున కర్తపీఠము నిండియు కోరువాడు కానరాలేదు. ఈ భేదమును తెలుగున నిలిపినవాడే ఆంగ్ల వాక్యమును చదివినవాడు.