పెరటి తొట్టిలో పద్మము

శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతము నాడును, శరన్నవరాత్రులలోను, దీపావళి సాయంకాలమునను తామరపూవు లేని పూజ వెలితిగా తోచుటచే, అంగడివాడు చెప్పిన వెల యిచ్చి, వాడిన మొగ్గలనైనను కొని తెచ్చుకొను గృహస్థులు మనలో పెక్కుమంది కలరు. కాని ఆ పూవు తమ యింటి పెరటిలోనే ఒక చిన్న గింజనుండి మొలచి, ఆకులెత్తి, సూర్యోదయవేళ రేకులు విప్పగలదని తలచువారు అరుదు. అమరావతి స్తూపపు వేదికాస్తంభములమీద శిల్పులు పూర్ణవికసితపద్మములను చెక్కిన కాలమునుండియు తామర మనకు పరిచితమే. అయినను చెరువు ఇచ్చినప్పుడు పుచ్చుకొనుటయే గాని, దానిని ఇంట పెంచుట మనలో అంతగా అలవాటు కాలేదు. చెరువులు పూడి, వాని గర్భములలో ఇండ్లు లేచుచున్న యీ దినములలో, పద్మమును విత్తనమునుండి పెంచు విద్య ప్రతి కుటుంబమును నేర్వదగినదని నా దృఢవిశ్వాసము.

మొదట మొక్కను గుర్తెరుగవలెను. ఏలయన తామరకును కలువకును భేదము తెలియక మోసపోవువారు కలరు. కలువ ఆకు నీటిపై తేలుచు, కాడ కలియుచోటివరకు చీలి యుండును. ఎదిగిన తామరాకు చీలిక లేని నిండు వలయమై, కాడ తన నడుమ నిలుపగా, నీటిని విడిచి పైకి లేచి నిలుచును. ఆ యాకుమీద నీటిబొట్టు అంటక జారుటకు కారణము, కంటికి ఆనని బుడిపెలును, వానిపైని మైనపు పూతయును. బిందువు ఆ బుడిపెల కొనలమీదనే నిలిచి, ధూళిని తనతో కొనిపోవుచు దొర్లిపోవును. కలువ విత్తనములు నలుసులంతేసి యుండగా, తామర గింజ అరంగుళము నిడివి గలిగి, కోలగా, నలుపుతో కలిసిన గోధుమవన్నెతో, గోరు దిగనంత గట్టిగా నుండును. మఖానా యని అంగళ్లలో అమ్ముడగునది తామర గింజ కాదు. అది మిథిల చెరువులలో విస్తారముగా పండు వేఱొక ముండ్లమొక్క విత్తనము. తినుటకై పెంకు ఒలిచి, లోపలి చేదు మొలకను తీసివేసిన తెల్లని తామరపప్పు సయితము విత్తుటకు పనికిరాదు. పూవు నడుమ నుండు కర్ణికలో బాగుగా పండి ఎండిన, పెంకు చెదరని గింజయే విత్తనము.

ఆ పెంకులోనే తామర బ్రదుకు రహస్యమంతయు ఇమిడి యున్నది. అది నీటిని లోనికి పోనీయని కవచము. 1951లో జపాను దేశమున, చిబా ప్రాంతపు కెమిగావాలో, భూమిలోని పాతపొరల అడుగున ఇచిరో ఓగా అను వృక్షశాస్త్రజ్ఞునకు మూడు తామర గింజలు దొరకగా, అందొకదానినుండి వచ్చిన మొక్క 1952 జూలైలో గులాబివన్నె పూవు పూచెను. ఆ దాపున దొరకిన పడవ కొయ్య వయస్సును బట్టి ఆ గింజలు ఇంచుమించు రెండువేల యేండ్ల నాటివని అంచనా వేసిరి. చైనాలోని లియావోనింగ్ ప్రాంతమున, ఎండిపోయిన సరస్సు అడుగున దొరకిన గింజలలో సుమారు 1300 ఏండ్ల వయస్సు గల దొకటి మొలకెత్తినట్లు 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. క్షామములు వచ్చి చెరువు ఎండినను, మరల నీరు నిండువరకు ప్రాణమును కాపాడుకొను నేర్పు ఆ గింజకు స్వతస్సిద్ధముగా నున్నది. బురదలో ఏండ్ల తరబడి నాని, అరిగి, పగులవలసిన ఆ కవచమునకు మన చేతితో ఒక చిన్న ద్వారము తెరచి, ఆపైన తొందరపడక వేచియుండుటయే యీ సాధనలోని సారము.

ఆ ద్వారమును ఎచట తెరవవలెనన్నది ముఖ్యము. గింజ రెండు కొనలలో ఒకటి మొనదేలి యుండును. రెండవదానియందు కర్ణికకు అంటియున్న గుర్తుగా చిన్న గుంట కానవచ్చును. ఈ గుంట గల కొనను ఆకురాయిపైనో, ఉప్పుకాగితముపైనో మెల్లమెల్లగా అరగదీయుచు, నల్లని పెంకు క్రింద లేతవన్నె పప్పు కనబడగానే ఆపివేయవలెను. ఇంకను అరగదీసినచో లోపలి పచ్చని అంకురము గాయపడి కుళ్లిపోవును. ఇట్లు సిద్ధపరచిన గింజలను గాజుపాత్రలోని గోరువెచ్చని నీటిలో వేసి, వెలుతురు గల చోట నుంచి, ప్రతిదినమును నీరు మార్చుచుండవలెను. మునిగిన గింజలు ఒకటి రెండు దినములలో ఉబ్బి, ఇంచుమించు రెట్టింపగును. ఎన్ని నాళ్లయినను తేలుచునే యుండి, నీటిని మురుగు చేయువానిని తీసివేయవలెను. మన యెండకాలపు వెచ్చదనమున సాధారణముగా వారము లోపలనే పచ్చని మొలక వంపు తిరిగి వెలికివచ్చును. ఉగాది దాపున ఈ పని ఆరంభించినచో మొక్క పెరుగుటకు వలసిన వేడిమియు దీర్ఘమైన పగలును రెండును లభించును.

పెక్కు మొక్కలు తొలుత వేరు దింపి, పిదప ఆకు వేయగా, తామర మొదట ఆకునే పంపును. దారమువంటి కాడ చివర చుట్టుకొనియున్న తొలి ఆకు నీటిపై విచ్చుకొని, దానివెంట మఱి రెండు మూడు ఆకులు వచ్చిన పిమ్మట గాని తెల్లని వేళ్లు కనబడవు. అందుచే వేరు రాలేదని కలతపడి, ముందుగా బురదలో పూడ్చి పెట్టుట తగదు. వేళ్లు బయలుదేరిన తరువాత, అడుగున రంధ్రము లేని, రెండడుగుల వెడల్పు గల సిమెంటు తొట్టినో, గాబునో, వెడల్పు మూతి గల గోలెమునో తీసికొని, జిగట గల చెరువు మట్టిని ఆరేడంగుళముల మందమున పఱచి, మొక్కను పెంకుతోకూడ మెత్తగా అందులో నదిమి, లేత ఆకులు తేలుటకు చాలినంతగా, రెండు మూడంగుళముల నీరు మాత్రము పోయవలెను. ఇసుక మట్టి మొక్కను నిలువ నీయదు. ఆకుల చెత్త కుళ్లి నీటిని చెఱచును. మొక్క ఎదిగినకొలది నీటి మట్టమును పెంచుకొనవచ్చును. దినమునకు ఆరు గంటల యెండ తగులనిచోట తామర ఆకులు వేయునేమో గాని పూయదు.

ఎరువు విషయమున గృహస్థుని ఔదార్యమే మొక్కకు హాని. ఆకులు నీటిని విడిచి గాలిలో నిలుచువరకు ఏ యెరువును వేయరాదు. అటుపిమ్మట బాగుగా చివికిన పశువుల యెరువును, కొంచెము ఎముకల పొడిని కాగితమున పొట్లము కట్టి, వేళ్లకు దూరముగా బురద లోతున ఉంచవలెను. పచ్చిపేడ వేసినచో నీరు మురిగి, నాచు పట్టును. దోమలు పెరుగకుండ గప్పీ చేపలను గాని గంబూసియా చేపలను గాని నాలుగింటిని విడువవలెను. ఎండిన ఆకును కోయునపుడు కాడను నీటి మట్టమునకు పైననే కోయవలెను; ఏలయన ఆ కాడలలోని సన్నని గొట్టములద్వారానే బురదలోని దుంపకు గాలి చేరును, నీటి క్రింద తెగిన కాడ ఆ త్రోవన నీటిని లోనికి కొనిపోయి దుంపను కుళ్లబెట్టును.

గింజనుండి వచ్చిన తామర కొన్నిచోట్ల మొదటి యేడే పూయును. పెక్కుచోట్ల రెండవ యేడు పూయును. పూచిన పద్మమును మూడు నాలుగు దినములు గమనించువానికి అది ప్రకృతిశాస్త్ర పాఠమే. మొదటి ప్రొద్దున రేకులు కొంచెమే విడి, కర్ణికపైని స్త్రీభాగములు పుప్పొడిని స్వీకరింప సిద్ధమై యుండును; మరునాడు పూర్ణముగా విచ్చినపుడు కేసరములు పుప్పొడిని వెలువరించును; అందుచే ఒక పూవు తన పుప్పొడితోనే ఫలించుట తగ్గి, పరపుష్పసంపర్కమునకు అవకాశము పెరుగును. వికాసకాలమున పూవు తనంతట వేడిమిని పుట్టించుకొని, చుట్టుగాలి చల్లబడినను 30 నుండి 35 డిగ్రీల వెచ్చదనమును నిలుపుకొనును. ఆ వెచ్చదనమునకు పరిమళమునకు కీటకములు వచ్చి చేరును. రేకులు రాలిన పిదప కర్ణిక పెరిగి, ఎండి, గుంటగుంటకొక గింజను పండించును.

దుంప ముక్కనుండి పెంచిన తామర తల్లి మొక్కకు ప్రతిరూపము. ఫలానా వన్నె పూవే కావలెనను వారికి దుంపయే తగినది. గింజనుండి పుట్టిన ప్రతి మొక్కయు ఇరువైపుల గుణములను క్రొత్తగా కలుపుకొని వచ్చినది గనుక, రేకుల సంఖ్యయందు, వన్నెయందు, ఓర్పునందు ఒకదాని కొకటి భిన్నముగా నుండవచ్చును. ఒక జాతి కలకాలము నిలుచుటకు ఆ భిన్నత్వమే బలము. కావున ఊరి చెరువున తామర యున్నవారు, అది యున్నప్పుడే ఎండిన కర్ణికలను రెండింటిని సంపాదించి, గింజలలో కొన్ని విత్తి, కొన్ని ఇరుగుపొరుగు వారికి పంచి, మిగిలినవానిని పొడిగా నుంచి, ఏ యూరి చెరువువో ఏ యేటివో చీటీ వ్రాసి దాచుకొందురు గాక. శతాబ్దములు వేచియుండగల గింజకు మనము చేయవలసిన సాయము ఇంతకన్న ఎక్కువ లేదు, ఇంత మాత్రము చేసినచో చెరువు పూడినను దాని తామరవంశము అంతరింపదు.