బీరువాలో పోర్ట్ ఎలెన్

విస్కీకి సీసాలో వయసు రాదు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా మా స్నేహితుల్లో సగం మంది నమ్మరు. ‘ఇంకో పదేళ్లు ఉంచు గురూ, అమృతమైపోద్ది’ అంటారు. అయ్యేదేదైనా ఓక్ పీపాలో ఉన్నప్పుడే అవుతుంది. ఆ కలపలోంచి రంగూ వాసనా దిగుతాయి. స్కాట్లాండ్‌లో ఏడాదికి రెండు శాతం దాకా గాలిలో కలిసిపోతుంది. దాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అని సరిపెట్టుకుంటారు. మన బెంగళూరు అమృత్ పీపాల దగ్గర ఆ దేవదూతలకు దాహం మరీ ఎక్కువ, పది శాతం పైనే లాగిస్తారు. గాజులోకి దిగాక ఇక ఏమీ జరగదు. లేబుల్ మీద పన్నెండేళ్లని ఉంటే, మనవడి పెళ్లికి తీసినా అది పన్నెండేళ్లదే.

మరి దాచేవాడు దేన్ని దాస్తున్నట్టు?

మా ఇంట్లో బీరువా అడుగు అరలో ఒక పోర్ట్ ఎలెన్ ఉంది. స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న ఐలా దీవిలో 1825లో మొదలైన డిస్టిలరీ అది. 1983లో మూతపడింది. అప్పట్లో స్కాచ్ తయారీ అమ్మకాలను మించిపోయి గోదాములు నిండిపోయాయి. ఆ దీవిలోనే దాన్ని నడిపిన కంపెనీకి లాగవూలిన్, కూల్ ఈలా కూడా ఉన్నాయి. మూడింట్లో ఒకదానికి తాళం వేయాల్సివస్తే దీనికే వేశారు. అందాకా అక్కడి సరుకు చాలావరకు బ్లెండ్లలో కలిసిపోయేది. పేరు పెట్టి అడిగినవాళ్లు తక్కువ. తాళం పడ్డాకే మర్యాద పెరిగింది. పీపాల్లో మిగిలిన సరుకును 2001 నుంచి ఏటా కాసిని సీసాల్లో నింపి అమ్మారు. ఆ తొలి రోజుల్లో గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది వంద పౌండ్ల పైచిలుకు పోసి ఒకటి కొని, స్వెటర్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇప్పుడది వేలంలో వెయ్యి పౌండ్లు దాటుతుంది. 2024లో డిస్టిలరీ మళ్లీ తెరిచారు కానీ, పాత సరుకు ధర పాతదే. మనం కట్టే డబ్బులో రుచికి పోయేదెంత, తాళానికి పోయేదెంత అని నాకెప్పుడూ అనుమానమే.

తెచ్చినవాడే దాన్ని తెరవనివ్వడు. ‘బావా, మన సీసా పెరిగింది’ అని ఫోన్ చేస్తాడు, మా ఇంట్లో పిల్లాడు ఎత్తు పెరిగినట్టు. పెరిగితే నాకేమిటి? లైసెన్సు లేకుండా మందు అమ్మితే మన దగ్గర ఎక్సైజ్ కేసు. లండన్‌వాడికి అది పెట్టుబడి కావచ్చు. విజయవాడలో అది బీరువా అరలో సగం చోటు.

ఈ ధరల పిచ్చికి కొసమెరుపు మకాలన్ 1926 అనే స్కాచ్. అరవయ్యేళ్లు పీపాలో ఉండి, 1986లో నలభై సీసాలుగా దిగింది. అందులో ఒకటి 2023 నవంబరులో లండన్ సోథ్‌బీస్ వేలంలో దాదాపు 22 లక్షల పౌండ్లకు పోయింది. ఆ నలభైలో ఒకటి 2011 జపాన్ భూకంపంలో పగిలిందంటారు, ఇంకొకటి ఎవరో తెరిచి తాగారంటారు. ఆ తాగినాయన ఎవరో గానీ, ఆయనకో దండం.

మూత తీయనంత కాలం లోపల ఉన్నదేమిటో తేలదు, అదొక తంటా. 2017లో స్విట్జర్లాండ్‌లోని ఓ హోటల్లో 1878 నాటి మకాలన్ అని ఒక్క పెగ్గుకు 9,999 ఫ్రాంకులు తీసుకున్నారు. అనుమానం వచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్ పరీక్ష చేయిస్తే అది 1970ల నాటి బ్లెండ్ అని తేలింది. అణుబాంబు పరీక్షల వల్ల 1950ల తర్వాత గాలిలో కార్బన్-14 పెరిగింది. ఆ గాలి పీల్చిన బార్లీతో చేసిన విస్కీ తన వయసు దాచుకోలేదు. 2018లో స్కాట్లాండ్‌లో 55 అరుదైన సీసాలను పరీక్షిస్తే 21 సీసాల బండారం బయటపడింది.

ఇక మన ఎండ. వైనుకు పడుకోబెట్టడం మంచిది. విస్కీని నిలబెట్టాలి, లేకపోతే ఆ ఘాటుకు బిరడా నాని చెడుతుంది. నిలబెడితే అదే బిరడా మే నెల వేడికి ఎండి బీటలిస్తుంది. సీసా మెడ దగ్గర మట్టం ఎక్కడుందో సన్నటి టేపు ముక్క అంటించి చూస్తున్నాను. ఇప్పుడు విస్కీ ఆ టేపు కింది అంచుకు దిగింది. సీలు మీద పారాఫిల్మ్ అనే మైనపు పొర చుట్టాను, అయినా దిగుతోంది. అంటే నేను తాగకపోయినా అది ఖర్చవుతూనే ఉంది. తెరవాలన్న నా వాదన బావమరిదికి ఎక్కింది కూడా ఈ టేపు ఫొటో పంపాకే.

దాచవలసినవి లేవనను. ధ్రువయాత్రికుడు షాకిల్టన్ దండు అంటార్కిటికాలో గుడిసె కింద వదిలేసిన మెకిన్లే విస్కీ పెట్టెలను నూరేళ్ల తర్వాత, 2010లో, మంచులోంచి బయటికి తీశారు. మూడు సీసాలు స్కాట్లాండ్ వెళ్లాయి. బిరడాలోంచి సూది దించి కాస్తంత లాగి, వాసన చూసి, ప్రయోగశాలలో విడదీసి, అలాంటి విస్కీనే మళ్లీ కలిపారు. సీసాలు తిరిగి అంటార్కిటికాకే వెళ్లిపోయాయి. ఆ రుచి ఇంకెక్కడా మిగల్లేదు కాబట్టి అక్కడ తాగేయడం దుర్మార్గం. నా సీసా అలాంటిది కాదు. దాని రుచి తెలిసిన నాలుకలు, రాసుకున్న పుస్తకాలు కొల్లలు. తెలియనిది నాకే.

కాబట్టి సంక్రాంతికి తీస్తున్నాం. తెరిచాక లోపలికి గాలి చేరుతుంది. సగం మిగిల్చి ఏళ్లు ఉంచితే చప్పబడుతుంది. 700 మిల్లీలీటర్లు అంటే ముప్పై చొప్పున ఇరవై మూడు పెగ్గులు. ఇద్దరం కూర్చుని ముగించేది కాదు, వీధిలో పంచేదీ కాదు. అసలు చిక్కల్లా పిలిచేవాళ్ల జాబితా దగ్గరే. పెదబావ వస్తాడు, ఆయన దేంట్లోనైనా థమ్సప్ పోస్తాడు. పిలవకపోతే ఉగాది దాకా మాటలుండవు. పిలిచి, థమ్సప్ సీసాను ఇంట్లో లేకుండా చేయడమే మార్గం. నీళ్లకు మాత్రం అడ్డు చెప్పను. ఇది యాభై శాతం దాటిన సరుకు. పైగా ఐలా విస్కీలోని పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్, నీళ్లు కలిపితే పైమట్టానికి చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. మనవాళ్లు ఎప్పట్నుంచో పోస్తున్నారు, మోతాదే కాస్త ఎక్కువ.

ఖాళీ సీసాను పాతసామాన్లవాడికి మాత్రం వేయను. ఇలాంటివి కొని, ఏదో నింపి, బిరడా బిగించి మళ్లీ వేలానికి పెట్టేవాళ్లున్నారు. మా ఆవిడ మనీప్లాంటుకు కావాలని ఇప్పటికే చెప్పి పెట్టింది. లేబుల్ గీకి ఇస్తానన్నాను.