నల్ల గులాబీకి నా ఓటు

రాక్ సంగీతం అభిమానులు ముగ్గురు ఒకచోట చేరారంటే ఆ ఇంట్లో కాఫీలు చల్లారిపోవలసిందే. మా తమ్ముడూ వాడి స్నేహితులూ ఏ ఆదివారమో కూర్చుని, 'థిన్ లిజీ' వాళ్ళ రికార్డుల్లో ఏది గొప్పది అని మొదలుపెడితే భోజనాల వేళ దాటినా సంగతి తేలదు. ఆస్తి పంపకాల్లో కూడా అంత పట్టుదల నేను చూడలేదు. పిల్లల కాలేజీ ఫీజులు కట్టుకునే మగవాళ్ళు, ఎప్పుడో 1970లలో ఐర్లండువాళ్ళు వాయించిన పాటల కోసం మొహాలు ఎర్రబరుచుకుంటుంటే నవ్వొస్తుంది. అయినా కాస్త చెవి ఒగ్గి వింటే ఆ వాదనలో మనకి పనికొచ్చే విషయమూ ఉంది.

పేరు వినని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 1969లో డబ్లిన్ నగరంలో పుట్టిన బృందం ఇది. పాడేదీ, బేస్ గిటార్ వాయించేదీ, పాటలు ఎక్కువగా రాసేదీ ఫిల్ లైనట్. డ్రమ్స్ మీద అతని చిన్ననాటి స్నేహితుడు బ్రయన్ డౌనీ. మొదట్లో గిటారిస్టు ఒక్కడే, ఎరిక్ బెల్. 'విస్కీ ఇన్ ద జార్' అనే ఐర్లండు జానపద గీతాన్ని వీళ్ళు తమ పద్ధతిలో పాడితే 1973లో ఇంగ్లండులో మోగిపోయింది. ఆ ఏడాది చివర్లోనే బెల్ వెళ్ళిపోయాడు. 1974లో ఒక్కడి స్థానంలో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకరు అమెరికా కుర్రాడు స్కాట్ గోరమ్, రెండోవాడు స్కాట్లండ్ నుంచి వచ్చిన బ్రయన్ రాబర్ట్‌సన్. రాబర్ట్‌సన్‌కి అప్పటికి నిండా పద్ధెనిమిదేళ్ళు.

ఇద్దరొస్తే ఏమైంది అంటారా? మన పెళ్ళిళ్ళలో సన్నాయి మేళం గుర్తుచేసుకోండి. ఇద్దరు నాదస్వరం పట్టుకుంటే ఇద్దరూ ఒకే స్వరం పలుకుతారు. పాటకచేరీలో వయొలిన్ గాత్రాన్ని అంటిపెట్టుకుని నడుస్తుంది. ఈ జంట గిటార్ల తీరు వేరు. ఒకటి 'స' అంటుండగా, సరిగ్గా అదే క్షణంలో రెండోది 'గ' అంటుంది. ఇది 'రి'కి జరిగితే అది 'మ'కి జరుగుతుంది. అలా రెండు మెట్ల ఎడంతో కలిసి నడుస్తాయి. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి మొదట కాస్త గాబరాగానే ఉంటుంది. అలవాటయ్యాక, ఒక్క గిటారే వినిపిస్తే ఏదో లోటుగా తోస్తుంది. ఈ పని వీళ్ళకంటే ముందే 'విష్‌బోన్ యాష్' అనే ఇంగ్లీషు బృందం చేసింది. 1972లో వచ్చిన వాళ్ళ 'ఆర్గస్' రికార్డే అందుకు సాక్ష్యం. కాని దాన్ని వీధిలో పోయే కుర్రాడు ఈల వేసుకునే పాటగా మార్చింది మాత్రం థిన్ లిజీ.

ఇక పార్టీల సంగతికొద్దాం.

మొదటి పార్టీ వాళ్ళది 1976లో వచ్చిన 'జైల్‌బ్రేక్'. 'ద బాయ్స్ ఆర్ బ్యాక్ ఇన్ టౌన్' అందులోదే. ఆ పాట అమ్మకాల పట్టికలో ఇంగ్లండులో 8వ స్థానానికీ, అమెరికాలో 12వ స్థానానికీ వెళ్ళింది. ఊరొదిలి వెళ్ళిన కుర్రాళ్ళు తిరిగొచ్చారన్న కబురు, అంతే కథ. అందులో ఒక అమ్మాయి వెకిలివేషాలు వేసినవాడి చెంప పగలగొడుతుంది. అందుకే ఆ పాటంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. చివరి పాట 'ఎమరాల్డ్'లో గిటార్లు రెండూ పందెం వేసుకున్నట్టు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. మంచి రికార్డే, కాదనను. అయితే ఆ కథల్లో ఉన్నది కుర్రాళ్ళు, కత్తులు, గుర్రాలు. రికార్డు మొత్తం మీద ఇల్లు అనేది ఎక్కడా కనపడదు.

రెండో పార్టీది 1978లో వచ్చిన 'లైవ్ అండ్ డేంజరస్'. 1976లో లండన్‌లోనూ, 1977లో అమెరికా, కెనడాలలోనూ ఇచ్చిన కచేరీల రికార్డింగుల్లోంచి కూర్చిన రెండు రికార్డుల జత. ఈ పార్టీ వాళ్ళ దగ్గర మరో తగాదా ఉంది. రికార్డు తయారుచేసిన టోనీ విస్కాంటి, ఇందులో చాలా భాగం స్టూడియోలో మళ్ళీ వాయించి అతికిందే అన్నాడు. బృందం వాళ్ళు ఒప్పుకోలేదు, ఎక్కువ భాగం వేదిక మీద వాయించిందే అన్నారు. ఇక చూడండి, అది నిజమైన కచేరీయా కాదా అని అభిమానులు అప్పటినుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు.

ఈ తగాదా నాకు అర్థం కాదు. వారం వారం సీరియల్‌గా రాసిన నవలని పుస్తకంగా వేసేటప్పుడు తప్పులు దిద్దుకోని రచయిత్రి ఎవరమ్మా? నాలుగో వారంలో చచ్చిపోయిన మేనత్త పదహారో వారంలో కాఫీ తెచ్చి ఇస్తుంది. దిద్దకపోతే పాఠకులు ఊరుకుంటారా? దిద్దినంత మాత్రాన నవల అబద్ధమైపోదు. 'స్టిల్ ఇన్ లవ్ విత్ యూ' పాటలో రాబర్ట్‌సన్ గిటార్ ఏడుస్తుంటే, అది హాల్లో ఏడ్చిందా స్టూడియోలో ఏడ్చిందా అని ఆరా తీసేవాళ్ళ మీద నాకు జాలి. ఆ రికార్డు మీద నా ఫిర్యాదు వేరే. వేదిక ఎక్కితే ఎవరైనా వీరుడే. అందులో వినిపించేది పండగనాటి మనిషి. మర్నాడు పొద్దున అతనెలా ఉన్నాడో అది చెప్పదు.

మధ్యలో 1977 నాటి 'బ్యాడ్ రెప్యుటేషన్'కీ ఒక చిన్న పార్టీ ఉంది. ఆ అట్ట మీద ముగ్గురే ఉంటారు, రాబర్ట్‌సన్ బొమ్మ లేదు. లోపల కొన్ని పాటల్లో మాత్రం అతని గిటార్ ఉంది. అలిగి పెళ్ళి ఫొటోలో నిలబడకుండా, పంక్తిలో మాత్రం కూర్చున్న మరిదిలాగ అన్నమాట.

మూడో పార్టీది 1979లో వచ్చిన 'బ్లాక్ రోజ్'. నా ఓటు దీనికే. అయితే ఈ పార్టీ వాళ్ళ కారణాలు నావి కావు. రాబర్ట్‌సన్ వెళ్ళాక అతని చోటికి గ్యారీ మూర్ వచ్చాడు, అంతటి చెయ్యి మరొకరికి లేదు, అందుకే ఇది గొప్పది అంటారు వాళ్ళు. చివరనున్న 'బ్లాక్ రోజ్' పాట వినిపిస్తారు. నల్ల గులాబీ అంటే ఐర్లండువాళ్ళ పాత కవిత్వంలో వాళ్ళ దేశానికి పెట్టుకున్న ముద్దుపేరు. ఆ పాటలో జానపదుల వరసలు ఒకదాని వెంట ఒకటి గిటార్ల మీద పరుగెత్తుకొస్తాయి. చివర్లో ఆస్కార్ వైల్డ్, జేమ్స్ జాయిస్ వంటి రచయితల పేర్లతో లైనట్ మాటల గారడీ చేస్తాడు. అదంతా నిజమే, బాగుంది. కాని ఈ పార్టీలోనూ చాలామంది రెండోవైపు మొదటి పాట రాగానే దాటేస్తారు. మెత్తగా ఉందట, రాక్ కాదట!

ఆ దాటేసిన పాట పేరు 'సారా'. మన భాషలో ఆ మాట పైకి అనడానికే ఇబ్బంది. సారా అంటే మనకి దుకాణం గుర్తొస్తుంది, ఆ దుకాణాలు మూయించడానికి 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి బయల్దేరిన ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఈ సారా మాత్రం ఒక పసిపాప. 1978 డిసెంబరులో పుట్టిన లైనట్ కూతురు. పాప పుట్టిన రోజుల్లోనే ఈ రికార్డు పని జరుగుతోంది. ఉయ్యాల దగ్గర నిలబడి, నువ్వొచ్చి నా బతుకు మార్చావమ్మా అని చెప్పుకునే తండ్రి పాట అది.

సారా అన్నది కొత్త పేరు కాదు. లైనట్ అమ్మమ్మ పేరు సారా. 1949లో అతను ఇంగ్లండులో పుట్టేనాటికి తల్లి ఫిలోమినాకి పద్ధెనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు. తండ్రి బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. ఆ రోజుల్లో ఆ పిల్లవాడితో ఆమె ఎన్ని మాటలు పడి ఉంటుందో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆమె ఇంగ్లండులో పనిచేసుకుంటుంటే, డబ్లిన్‌లో క్రమ్లిన్ అనే పేటలో పిల్లవాణ్ణి పెంచింది అమ్మమ్మే. 1972 నాటి 'షేడ్స్ ఆఫ్ ఎ బ్లూ ఆర్ఫనేజ్' రికార్డులో 'సారా' పేరుతో మరో పాట ఉంది. అది ఆవిడ కోసం రాసింది. ఏడేళ్ళ తర్వాత అదే పేరు కూతురి పాటకి. ముత్తవ్వ పేరు పిల్లకి పెట్టుకోవడం మనకి తెలియని ముచ్చటా? పెంచిన చేతుల రుణం తీర్చుకునే పద్ధతి అదొక్కటే చాలా ఇళ్ళలో.

ఇక నా కారణం చెబుతాను. 'సారా' పాట అయిపోతుంది. ఆ వెంటనే వచ్చే పాట 'గాట్ టు గివ్ ఇట్ అప్'. మానెయ్యాలి అని అర్థం. తాగుడూ మత్తుమందులూ మానెయ్యాలని తనకి తాను చెప్పుకుంటున్న మనిషి పాట. ఒక దాని పక్కన ఒకటి! ఇంకా పాలవాసన పోని పాపకి మాట ఇచ్చిన నోటితోనే, ఆ మాట నిలబెట్టుకోగలనో లేదోనన్న భయమూ వినిపిస్తాడు. రెండు గిటార్లు ఒకే క్షణంలో రెండు స్వరాలు పలికినట్టు, ఒకే మనిషి లోపల ప్రేమా, భయమూ కలిసి పలుకుతాయి. ఇంతటి నిజం 'జైల్‌బ్రేక్'లో లేదు, చప్పట్ల మధ్య సాగిన 'లైవ్ అండ్ డేంజరస్'లోనూ లేదు.

మీరు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు. పాట రాశాడు సరే, మానేశాడా? మానలేదు. 1986 జనవరి 4న, ముప్ఫై ఆరో ఏట చనిపోయాడు. ఆ పాపకి అప్పటికి ఏడేళ్ళు. పక్కన గిటార్ వాయించిన గోరమ్ అదే ఊబిలో దిగి బయటపడ్డాడు, ఇతను పడలేదు. ఒట్టు వేసి మర్నాడే తప్పే మగవాళ్ళని చూసిన ఇల్లాళ్ళకి ఈ పాట విని చిరాకు రావడం న్యాయమే. నేను లైనట్‌ని వెనకేసుకు రావడం లేదు. పాట బాగున్నంత మాత్రాన కూతురికి తండ్రి దక్కలేదు కదా.

కాని పాటని తూచేది వేరే తక్కెడ. ఒట్టు నిలిచిందా లేదా అన్నది మనిషి లెక్క. వేసినప్పుడు గొంతులో నిజం ఉందా లేదా అన్నది పాట లెక్క. ఇక్కడ ఉంది. అందుకే ఇప్పుడు విన్నా గుండె పట్టేస్తుంది.

దీంట్లో లోపాలు లేవని కాదు. మొదటివైపు 'ఎస్ అండ్ ఎమ్' అని ఒక పాట ఉంది, దెబ్బల్లో సుఖం వెతుక్కునేవాడి గురించి. దాన్ని నేను మళ్ళీ వినదలుచుకోలేదు. అలాంటి పాట రాసినవాడే తిరగేసిన వైపు పసిపాపకి జోల పాడాడన్నది కూడా గమనించవలసిందే. రాక్ రికార్డుని బలం చూసి మెచ్చుకునే అభిమానులు మెత్తని పాటని బలహీనత కింద జమకట్టేశారు. నాలుగు వేల మంది ఎదుట గర్జించడం కన్నా, కూతురి పేరు పెట్టి, భయపడుతున్నానని పాడడానికే ఎక్కువ దమ్ము కావాలని నేననుకుంటాను.

డబ్లిన్‌లో హ్యారీ వీధిలో 2005లో లైనట్ కంచు విగ్రహం పెట్టారు. కొడుకు పోయిన పంతొమ్మిదేళ్ళకి దాన్ని చూడగలిగిన ఫిలోమినా 2019లో కన్నుమూసింది.

ఓపికుంటే 'బ్లాక్ రోజ్' రెండోవైపు ఒకసారి వినండి. వరస మార్చకండి. మొదటి పాట అయ్యాక ఆపకుండా రెండోది కూడా వినండి. గిటార్లు ఎవరు బాగా వాయించారన్న తగాదా తర్వాత పెట్టుకోవచ్చు.